నీటి చోట నిలుచు చక్కెర

శ్రోతలారా, మన యిండ్లలో మామిడి ఒరుగులు ఏడాదిపాటు చెడక నిలుచుట మీరెరిగినదే. వానిని నీట నానవేసిన మెత్తబడును గాని మరల పచ్చికాయ ముక్కలు కానేరవు. ఏలయన, ఎండునప్పుడు వానియందలి జీవకణముల పొరలు చెడిపోవును. ఎండియు చెడని పొర యుండునా యనునదే నేటి ప్రశ్న.

ప్రతి జీవకణమును చుట్టి ఒక పలుచని పొర కలదు. దాని మందము మిల్లీమీటరులో సుమారు 2 లక్షలవ వంతు. క్రొవ్వు అణువులు రెండు వరుసలుగా, తలలు నీటివైపునకును తోకలు లోపలికిని త్రిప్పి నిలువగా ఈ పొర యేర్పడును. తలల నడుమ నుండు నీరే వానిని ఎడముగా నుంచును. ఆ నీరు తొలగినచో తలలు దగ్గరకు చేరి పొర బిగుసుకొనును, ప్రక్కపొరలతో కలిసిపోవును. మరల నీరు తగిలినప్పుడు లోనిసరకు కారిపోవును.

శాస్త్రజ్ఞులు ఇట్టి సున్నితవస్తువులను ఎండలో నుంచరు. ముందు గడ్డకట్టించి, పిదప చుట్టునుగల గాలిని తోడివేయుదురు. అప్పుడు కర్పూరము కరగకయే హరించునట్లు, మంచు నీరు కాకయే ఆవిరియగును. అయినను ఇంతమాత్రమున పొర దక్కదు. నీటి లోటు తీరలేదు గదా!

ఆ లోటు తీర్చు ఉపాయము ప్రకృతియందే కలదు. రొట్టెపిండిని పొంగించు ఈస్టు ఎండియు, మరల నీట జీవించును. దానియందు ట్రెహలోజు అను చక్కెర యుండును. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖకు చెందిన జాన్ క్రో, లోయిస్ క్రో దంపతులు ఒక పరిశోధనము ప్రకటించిరి. లాబ్‌స్టరను సముద్రపు పెద్దరొయ్య కండరములనుండి తీసిన పొరలను ఈ చక్కెరతో కలిపి, గడ్డకట్టించి, ఎండించిరి. నీరు చేర్చగా అవి తమ పని మరల చేసెను. చక్కెర లేనివి చెడిపోయెను. వ్యాకరణమున ఆదేశము తొలగిన వర్ణముయొక్క చోట నిలిచి దాని పని చేయునట్లు, ఈ చక్కెర నీటి చోట నిలిచి తలలను ఎడముగా నుంచును. అంతియగాక గాజువలె గట్టిపడి పొరలను కదలనీయదు. తేమయు వేడియు తగిలిన ఆ గాజు మెత్తబడును గనుక, గాలి చొరని సీసాలో చల్లనిచోట దాచవలయును.

దీనివలన మనకేమి యందురా? తట్టువ్యాధి వైరసునకును ఇట్టి పొరయే కవచము. కావుననే తట్టు టీకామందును రక్షకద్రవ్యములతో కలిపి, ఇట్లే యెండించి, పొడిగా పంపుదురు. పల్లెలో బిడ్డలు చేరిన పిదపనే అందు ద్రవము కలుపుదురు. కలిపిన తరువాత దాని బలము కొన్ని గంటలే. ఎండిన మందు నెలలకొలది వేచియుండును. తడిసిన మందు మరునాటివరకు వేచియుండదు. కావున, తల్లులారా, చెప్పిన వేళకే బిడ్డలను తీసికొనిపొండు.