ప్రోగ్రామింగు నేర్చువారికి ఏ సాధనము మేలు?

గోదావరి డెల్టా గ్రామములనుండి కాకినాడ, రాజమహేంద్రవరము, భీమవరములందలి కళాశాలలకు పోయి కంప్యూటరు విద్య నభ్యసించు యువతీయువకులు అనేకులు గలరు. ఇంట పాత కంప్యూటరు మాత్రమే యున్నచో, క్రొత్తది కొననిదే చదువు సాగదేమోయని తల్లిదండ్రులు దిగులుపడుట సహజము. అట్టి వ్యయము నిజముగా అవసరమా?

పాత యంత్రములపై సైతము నడచు లినక్సు వ్యవస్థ ఉచితముగా లభించుచున్నది. దీని మూలభాగమును లైనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లాండు విద్యార్థి 1991లో వెలువరించెను. దానిపై ప్రోగ్రాములు వ్రాయుటకు రెండు విధములగు సాధనములు గలవు.

మొదటిది టెక్స్ట్ ఎడిటరు. ఇది పలక వంటిది. నానో, జీఎడిట్, విమ్ ఈ తరగతిలోనివి. ప్రోగ్రామును వ్రాసి భద్రపరచుటయే దీని పని. వ్రాసినదానిని యంత్రభాషలోనికి మార్చుటకు కంపైలరును విద్యార్థియే టెర్మినలునుండి పిలువవలెను. రెండవది ఐ.డి.ఇ. ఇందు ఎడిటరు, కంపైలరును నడుపు ఏర్పాటు, తప్పులు వెదకు సాధనము ఒకేచోట కూర్చబడియుండును. ఒక్క మీట నొక్కినచో పనులన్నియు వరుసగా జరుగును. ఎక్లిప్స్, కోడ్ బ్లాక్స్ ఇట్టివి. 2015లో వెలువడిన విజువల్ స్టూడియో కోడ్ ఎడిటరే యైనను, అనుబంధములు చేర్చినచో ఐ.డి.ఇ. పనులను చాలవరకు చేయును.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన నాటినుండి మన రైతు నీటి త్రోవ నెరిగినవాడు. నదినుండి ప్రధాన కాలువకు, అందుండి పిల్లకాలువకు, పిదప బోదెకు, తుదకు మడికి నీరు చేరును. మడి యెండినచో అడ్డు ఎచ్చట పడినదో అతడు వెదకి పట్టగలడు. ప్రోగ్రాము సంగతియు నట్టిదే. సీ భాషలో వ్రాసి, జీసీసీ అను కంపైలరుతో మార్చి, తానే నడిపి చూచిన విద్యార్థికి, తప్పు వ్రాతలో నున్నదో, మార్పిడిలో వచ్చినదో, నడకలో బయటపడినదో తెలియును. మీట నొక్కుట మాత్రమే యెరిగినవానికి అది తన తప్పో, సాధనములోని లోపమో తోచదు.

కావున తొలి వారములలో నానో వంటి ఎడిటరు మేలు. కంట్రోలు మీటతో ఓ నొక్కినచో వ్రాత భద్రమగును. ఎక్స్ నొక్కినచో బయటికి రావచ్చును. ఈ గుర్తులు తెర అడుగుననే కనబడుచుండును. విమ్ శక్తిమంతమైనదే గాని, దాని పద్ధతులు అలవడుటకు ఓర్పు కావలెను. రెండు గిగాబైట్ల మెమరీ గల యంత్రముపై ఎక్లిప్స్ ఈడ్చుకొనుచు నడచును. నానోకు కొద్ది మెగాబైట్లు చాలును.

ఇందువలన ఐ.డి.ఇ. నిరుపయోగమని తలంపరాదు. ప్రోగ్రాము పదుల ఫైళ్లకు పెరిగినపుడు, వరుస వరుసకు ఆపి విలువలను పరిశీలింపవలసినపుడు, అది ఎంతయో శ్రమను తగ్గించును. పైథాన్ భాష నేర్చువారికై ఎస్టోనియాలోని టార్టూ విశ్వవిద్యాలయమున రూపొందిన థానీ, ఐ.డి.ఇ. యైనను తేలికైనది, సులభమైనది.

మొదట త్రోవ తెలిసికొని, పిదప సౌకర్యము నాశ్రయించుట యుక్తము. క్రొత్త యంత్రమునకై అప్పు చేయుటకు ముందు, ఇంటనున్న పాతదానిపై లినక్సు నెక్కించి, ఒక చిన్న ప్రోగ్రామును స్వహస్తముతో వ్రాసి నడిపి చూడుడు.