పాయసంలో కిస్‌మిస్, కుక్క కిడ్నీకి ముప్పు

పండగపూట కుక్క బూందీ లడ్డూనో పాయసమో తినేస్తే చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటే: "ఏం కాదులే, తోకాడిస్తూ తిరుగుతోందిగా!" దయచేసి అలా ఊరుకోకండి. ముందు ఆ మిఠాయిలో కిస్‌మిస్ ఉందేమో చూడండి.

ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయి. కారణం చాలా ఏళ్లు అంతుబట్టలేదు. క్రీమ్ ఆఫ్ టార్టార్, చింతపండు తిన్న కుక్కలకూ ఇలాగే కిడ్నీలు పాడవడం గమనించిన అమెరికా పశువైద్యులు, 2021లో టార్టారిక్ ఆమ్లాన్ని అనుమానించారు. పండులో ఆ ఆమ్లం మోతాదు రకాన్ని బట్టి, పక్వాన్ని బట్టి మారుతుంది. అందుకే గుప్పెడు తిన్న కుక్క బాగానే ఉండొచ్చు, నాలుగు గింజలు తిన్నది మంచాన పడొచ్చు. ఇన్ని తింటే ఫర్వాలేదని చెప్పే లెక్కే లేదు. మన వంటింటి చింతపండు డబ్బా కూడా కుక్కకు అందకూడదు.

మొదటి రోజు వాంతులు, నీరసం. మూడు రోజులు తిరిగేలోపు మూత్రం తగ్గిపోవచ్చు. తిన్న రెండు గంటల్లోపు తీసుకెళ్తే డాక్టర్ ఇంజెక్షన్‌తో వాంతి చేయిస్తారు. తర్వాత సెలైన్ ఎక్కిస్తూ, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూస్తుంటారు. ఆలస్యమైనా సరే, వెళ్లాల్సిందే. వాంతి చేయించాలని ఇంట్లో ఉప్పునీళ్లు మాత్రం పట్టకండి. రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ రావొచ్చు. కుక్క బరువు, ఏం తిన్నది, ఎంత, ఎప్పుడు అన్నవి ఫోన్‌లోనే చెప్పండి. ప్యాకెట్ ఉంటే వెంట తీసుకెళ్లండి.

చాక్లెట్‌కైతే లెక్క ఉంది. అందులోని థియోబ్రొమిన్ కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు దాటితే వాంతులు, విరేచనాలు, కంగారు మొదలవుతాయి. 60కి చేరితే ఫిట్స్. పది కిలోల కుక్కకు ఆ తొలి హద్దు దాటడానికి మిల్క్ చాక్లెట్ సుమారు 100 గ్రాములు కావాలి. కోకో పొడి అయితే పది గ్రాములు చాలు! ఇంట్లో కేకు చేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. థియోబ్రొమిన్ సగానికి తగ్గడానికే కుక్క ఒంట్లో 17 గంటలకు పైగా పడుతుంది.

మైసూర్‌పాక్ లాంటి నేతి మిఠాయిలు ఎక్కువగా తింటే క్లోమం వాచే ప్రమాదముంది. వాంతులు ఆగకపోయినా, పొట్ట ముట్టుకోనివ్వకపోయినా చూపించండి.

అన్నిటికన్నా తొందరపడాల్సింది షుగర్‌ఫ్రీ స్వీట్లు, చూయింగ్‌గమ్‌ల విషయంలో. వాటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే కుక్క ఒంట్లో ఇన్సులిన్ ఒక్కసారిగా ఊరి, అరగంటలోనే చక్కెర పడిపోవచ్చు. కాలేయమూ దెబ్బతినొచ్చు. తూలుతోంది గానీ స్పృహలో ఉందంటే, చిగుళ్లకు కాస్త తేనె రాసి, వెంటనే ఆస్పత్రికి బయల్దేరండి.