బరంపురంలో కూర్చుని ఫ్లారెన్సుకు కాపలా

2018 సెప్టెంబరులో మా యింటి పద్దుపుస్తకంలో పాలవాడి లెక్క ఆగిపోయి, ఫ్లారెన్సు అనే హరికేను లెక్క మొదలయింది. బరంపురం గుమాస్తాకు అట్లాంటిక్ మహాసముద్రంతో పనేమిటని పాఠకులు నవ్వవచ్చు. మా ఆఫీసులో నవ్వారు కూడాను. పని వున్నది. మా తమ్ముడు ఆ యేడు అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రపు తీరాన, విల్మింగ్టన్ అనే పట్నంలో, కేప్ ఫియర్ నదికి దగ్గరగా ఒక అద్దెయింట్లో వున్నాడు. భార్య, నాలుగేళ్ల పిల్ల.

హరికేను అంటే వేరే వస్తువేమీ కాదు. మనం తుపాను అంటాము, మా ఒడియా ఇరుగుపొరుగువారు బాత్యా అంటారు, అదే. పుట్టుకలో మాత్రం కొంచెం తేడా. ఆఫ్రికా ఖండం మీదినుంచి పడమటికి కదిలే గాలి అలలు కేప్ వెర్డీ దీవుల దగ్గర వెచ్చని సముద్రం మీదికి వచ్చి, వాటిలో కొన్ని గుండ్రంగా చుట్టుకుంటాయి. ఫ్లారెన్సు అట్లాగే ఆగస్టు 31న వాయుగుండమై, మర్నాడు పేరు పెట్టించుకున్నది. మన బంగాళాఖాతంలో పుట్టింది నాలుగైదు రోజుల్లో వచ్చి నెత్తిన పడుతుంది. దానికి రెండు వారాల ప్రయాణం. కనుక భయపడడానికి తీరిక ఎక్కువ.

మయామీలోని జాతీయ హరికేన్ కేంద్రంవారు రోజుకు నాలుగుసార్లు ప్రకటన యిస్తారు. మన గడియారంలో అవి ఉదయం 8-30, మధ్యాహ్నం 2-30, రాత్రి 8-30, మళ్లీ రాత్రి 2-30. మొదటిది ఆఫీసుకు బయలుదేరబోతూ, రెండవది భోజనం విరామం కాగానే, మూడవది కంచం ముందు. నాలుగవదానికి లేవవద్దని యింట్లో ఆంక్ష పెట్టారు, లేచేవాళ్లం. మా అబ్బాయి బడి అట్లాసులో పెన్సిలుతో చుక్క పెట్టేవాడు, మేము పద్దుపుస్తకంలో గాలి వేగం రాసేవాళ్లం.

ఆ కేంద్రంవారి పటంలో తుపాను ముందు తెల్లని గరాటు ఒకటి గీసి వుంటుంది. దీనిని మేము మొదటి నాలుగు రోజులూ తప్పుగానే చదివాము. గరాటు వెడల్పంతా తుపాను వెడల్పనీ, దాని బయట వున్నవాడు గట్టెక్కినట్టేననీ అనుకున్నాము. అది తుపాను కన్ను ఎక్కడెక్కడికి పోవచ్చునో చెప్పేది మాత్రమే. అదీ మూడింట రెండు వంతుల సార్లే అందులో నిలుస్తుంది. గాలీ వానా ఆ గీత దాటి ఎంతదూరమైనా పోతాయి.

ఇక చలికాలపు సంగతి. సెప్టెంబరు 10 ప్రాంతం అక్కడ హరికేన్లకు నడివయస్సు. అదే నెలాఖరుకు పంచాంగంలో వాళ్ల శరత్తు మొదలు. అక్కడివారు శరత్తుకోసం ఎదురుచూసేది ఎర్రబడే ఆకులకోసమే అనుకునేవాళ్లం. తమ్ముడు చెబితే తెలిసింది. ఉత్తరపు చల్లగాలిని వెంటబెట్టుకుని పడమటినుంచి ఒక ద్రోణి సకాలంలో వస్తే, అది వచ్చే తుపానును ఈశాన్యానికి తిప్పి నడిసముద్రంలోకి తోలేస్తుందట. అంతదూరాన పుట్టినవి చాలామటుకు అట్లా తిరిగి పోయేవే. కనుక మేము కూడా కరోలినాకు చలి రావాలని మొక్కుకున్నాము. ఆ యేడు రాలేదు. ఉత్తరాన అధిక పీడనం గోడలాగ నిలబడింది. ఫ్లారెన్సుకు తిరగడానికి దోవ లేక తిన్నగా తీరానికి వచ్చింది.

సెప్టెంబరు 13 వినాయకచవితి. పత్రి సర్దుకుంటూ 8-30 ప్రకటన చూశాము. రెండు రోజుల క్రితం నాలుగవ తరగతిలో వున్న హరికేను రెండుకు దిగింది. మేము సంతోషించాము. అప్పుడు వాళ్లకు రాత్రి పదకొండు. తమ్ముడు ఫోను చేసి, "అన్నయ్యా, సగానికి సగం తగ్గింది. పిల్లతో ఎక్కడికని పోతాం? ఇంట్లోనే వుండిపోతాం" అన్నాడు. మేమూ సరేనన్నాము. ఆ మాట ఇప్పటికీ మాకు గుర్తుకొస్తే సిగ్గేస్తుంది.

అమ్మ ఫోను లాక్కున్నది. "ఒరే, తరగతి తగ్గింది గాలికా నీళ్లకా?" అని అడిగింది.

తమ్ముడి దగ్గర జవాబు లేదు. మా దగ్గరా లేదు. ఆ తరగతులు ఒకటినుంచి అయిదువరకు గాలి వేగాన్ని బట్టి మాత్రమే కట్టినవి. వాననూ, సముద్రపు ఉప్పెననూ అవి కొలవవు. అమ్మకు ఈ సంగతి పుస్తకంలో తెలిసింది కాదు. 1999 అక్టోబరులో పన్నెండు రోజుల తేడాలో మా ఒడిశాను రెండు తుపానులు కొట్టాయి. మొదటిది గోపాలపురం దగ్గర మా మీదినే దాటింది, మా యింటి పెంకులు పోయాయి. రెండవది 29వ తేదీన పారాదీప్ దగ్గర దాటి, ఎరసమ వైపు సముద్రాన్నే ఊళ్ల మీదికి తెచ్చింది. అక్కడ చనిపోయిన వేలమందిలో ఎక్కువమందిని తీసుకుపోయింది నీరే. 2013లో ఫైలిన్ మళ్లీ గోపాలపురం దగ్గరే దాటినప్పుడు, లక్షలమందిని ముందుగానే కదిలించారు కనుక చావులు పదులలో ఆగాయి. మేమూ ఆ రాత్రి బడి భవనంలో చాపమీద గడిపినవాళ్లమే.

"నది పక్కన వున్నావు. నువ్వు లేవకపోతే నేను చవితి భోజనం చెయ్యను" అన్నది అమ్మ. గంటసేపు వాదన. మరదలు అవతలనుంచి, "అత్తయ్యగారూ, సంచి సర్దుతున్నాను" అని చెప్పిన తర్వాతనే కథ చదివి అక్షింతలు వేసుకున్నాము. వాళ్లు తెల్లవారుతూనే కారులో రాలీ వైపు, స్నేహితుల యింటికి వెళ్లిపోయారు.

మర్నాడు వాళ్ల ఉదయం ఏడుంబావు వేళ ఫ్లారెన్సు విల్మింగ్టన్ పక్కనే రైట్స్‌విల్ బీచి దగ్గర తీరం దాటింది. అప్పటికి ఒకటవ తరగతే, గంటకు 90 మైళ్ల గాలి. అయితే దాటి పోలేదు. గంటకు మూడు మైళ్లు, అంటే మనిషి నడక, ఆ చొప్పున తచ్చాడుతూ సముద్రపు నీటిని తోడి నేలమీద పోసింది. ఎలిజబెత్‌టౌన్ అనేచోట దాదాపు 36 అంగుళాల వాన పడింది. రోడ్లు మునిగి విల్మింగ్టన్ దీవి అయిపోయింది. చెప్పుకోవలసిన సంగతేమిటంటే నదులు పొంగింది వాన పడ్డప్పుడే కాదు, ఎండ కాసిన తర్వాత కూడాను. పైనుంచి వచ్చే నీరు రోజులకొద్దీ దిగుతూనే వుంటుంది. ఆ హరికేనువల్ల యాభైమందికి పైగా చనిపోయారు.

తమ్ముడు పది రోజులు దాటాక యిల్లు చేరాడు. గోడకు మోకాలి ఎత్తున బురద గీత. పిల్ల బొమ్మలు, మంచం, బియ్యం బస్తా అన్నీ వీధిలో పోశారట. దానికితోడు ఉక్క. గోడలు ఆరవు, బూజు వాసన పోదు. పొడిగాలి ఒక్కరోజు వీస్తే చాలునని రోజూ ఫోనులో అనేవాడు. మేము ఫ్యాను కింద కూర్చుని చెమట తుడుచుకుంటూ వాళ్ల చలికోసం వాళ్ల పటాలే చూస్తుండేవాళ్లం.

అది వచ్చింది గాని, ఒంటరిగా రాలేదు. అక్టోబరు 10న మైకేల్ అనే మరో హరికేను ఫ్లోరిడాలోని మెక్సికో బీచి దగ్గర తీరం దాటింది. అప్పుడు దానిని నాలుగవ తరగతి అన్నారు, మరుసటి యేడు లెక్కలు సరిచూసి అయిదు అన్నారు. మన గడియారంలో అది రాత్రి పదకొండు. సరిగ్గా అప్పుడే మా సముద్రంలో తిత్లి. పాకిస్తాన్ యిచ్చిన పేరు, సీతాకోకచిలుక అని అర్థం. గోపాలపురానికీ కళింగపట్నానికీ మధ్య దాటుతుందన్నారు. మా వైపు కరెంటు పోయింది. టీవీ లేదు. ఫోనులో చార్జి పావువంతు.

తమ్ముడు పిలిచాడు. వాళ్ల మీదికి మైకేల్ రావడానికి ఇంకా రోజు వ్యవధి వున్నది. ఆ రోజంతా వాడు మన వాతావరణ శాఖ ప్రకటనలే చదువుతూ కూర్చున్నాడట. "అన్నయ్యా, కిటికీల దగ్గరనుంచి లేవండి. అమ్మను మధ్యగదిలో పడుకోబెట్టండి. పలాస వైపు వంగుతోంది" అన్నాడు. తెల్లవారుజామున పలాస దగ్గరే దాటింది. మందసలో వున్న మా అక్కయ్యకు రెండు రోజులు ఫోను అందలేదు. ఉద్దానంలో కొబ్బరితోటలు, జీడితోటలు నేలకొరిగాయి. మా పక్క గజపతి జిల్లాలో వానకు కొండచరియ విరిగి మనుషులు పోయారు.

మైకేల్ పోతూపోతూ కరోలినా దాటిన తర్వాత, దాని వెనకనే ఉత్తరపు గాలి దిగింది. 12వ తేదీ సాయంత్రం, వాళ్లకు ఉదయం, తమ్ముడు మళ్లీ ఫోను చేశాడు. ముందు అక్కయ్య సంగతి అడిగాడు. బావగారు వాసుదేవుని గుడి దగ్గర ఎవరికో కనిపించారట, క్షేమమట అని చెప్పాము. వాడు కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, తలుపులన్నీ తీసి పెట్టామనీ, గోడలు ఆరుతున్నాయనీ, పిల్లకు స్వెట్టరు వేశామనీ చెప్పాడు.

అమ్మ ఏ రంగు స్వెట్టరని అడిగింది.