ఇంజను ఊపిరి

ప్రాణికి ఊపిరి ఎంత అవసరమో, పెట్రోలుతో నడిచే ఇంజనుకు గాలి అంత అవసరం. ఇంధనం తనంత తానుగా మండదు. గాలిలోని ప్రాణవాయువు తోడైనప్పుడే దహనం జరుగుతుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఘనపరిమాణంలో చెప్పాలంటే ఒక లీటరు పెట్రోలుకు సుమారు 9,000 లీటర్ల గాలి అవసరం. పెట్రోలు ఖర్చును పైసలతో సహా లెక్కించే మనం, కారు తాగే దానికంటే పీల్చేది ఎన్నో రెట్లు ఎక్కువని సాధారణంగా గుర్తించం.

కారు ముందుభాగం నుంచి చల్లని గాలి ఒక గొట్టం ద్వారా ప్రవేశిస్తుంది. పెట్టెలో అమర్చిన కాగితపు ఎయిర్ ఫిల్టర్ దానిలోని దుమ్మును వడకడుతుంది. అక్కడి నుంచి గాలి థ్రాటిల్ అనే ద్వారాన్ని దాటి సిలిండర్లలోకి పోతుంది. ఈ ఏర్పాటును తొలగించి, వెడల్పైన గొట్టాన్నీ, శంకువు ఆకారంలో ఉండే నూలు ఫిల్టర్‌నూ బిగించుకోవడం నేటి యువతలో ఒక వేడుక. గాలి ఎక్కువైతే శక్తి ఎక్కువవుతుందని వారి ఆశ. ఆ ఆశ పూర్తిగా నిరాధారం కాదు. అయితే సాధారణ ప్రయాణంలో గాలిని నియంత్రించేది ఫిల్టర్ కాదు, సగం మూసి ఉన్న థ్రాటిల్. అందువల్ల ఇతర మార్పులేవీ లేని కారులో కలిగే లాభం స్వల్పం. శబ్దం మాత్రం తప్పక పెరుగుతుంది. చెవికి వినిపించిన వేగాన్ని చక్రానికి అందిన వేగంగా భ్రమించడం మానవ సహజం.

మా వీధిలోని ఒక యువకుడు ఒక ఆదివారం నాడు ఇటువంటి గొట్టాన్ని తన కారుకు స్వయంగా బిగించుకున్నాడు. మరునాటి నుంచి మూడు లోపాలు కనిపించాయి. కారు నిలిచి ఉండగా ఇంజను వేగం నిలకడ లేక పెరుగుతూ తగ్గుతూ ఉండేది. మధ్యాహ్నపు రద్దీలో పికప్ తగ్గింది. మీటర్లలో పసుపుపచ్చని హెచ్చరిక దీపం వెలిగింది. అంతకు ఐదు రోజుల ముందే ఆ కారుకు సర్వీసింగ్ జరిగింది. స్పార్క్ ప్లగ్గులు మార్చినవాడు షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రవాడు. ఖరీదైన కొత్త గొట్టంపై యజమానికి అనుమానం కలగలేదు. నింద కుర్రవాడిపై పడింది. వాడి కొలువుకే ముప్పు వచ్చింది.

కాకి వాలిన క్షణంలోనే తాటిపండు రాలితే, కాకి వల్లనే రాలిందనుకోవడం సరికాదు. యాదృచ్ఛికంగా కలిసివచ్చిన రెండు సంఘటనలను పెద్దలు ‘కాకతాళీయ న్యాయం’తో పోల్చారు. ప్లగ్గులు మార్చిన తరువాత లోపం కనిపించింది కనుక ప్లగ్గులే కారణమనడం ఎంత తొందరపాటో, గొట్టం మార్చిన తరువాత కనిపించింది కనుక గొట్టమే కారణమనడమూ అంతే తొందరపాటు. నిర్ణయానికి పరీక్ష కావాలి.

మన తర్కశాస్త్రం అటువంటి పరీక్షను ఏనాడో చెప్పింది. కారణం ఉన్నప్పుడు కార్యం ఉండడం అన్వయం. కారణం లేనప్పుడు కార్యం లేకపోవడం వ్యతిరేకం. ఈ రెండూ కుదిరినప్పుడే కార్యకారణ సంబంధాన్ని అంగీకరించాలి. షెడ్డు మేస్త్రి తర్కం చదివినవాడు కాడు. కాని అతడు అడిగిన మొదటి ప్రశ్న అదే: “పాత గొట్టం దాచి ఉంచావా బాబూ?”

పాత గొట్టాన్నీ, ఫిల్టర్ పెట్టెనూ తిరిగి బిగించారు. ప్లగ్గులను తాకలేదు. ఇంజను నిలకడగా నడిచింది. కుర్రవాడు నిర్దోషి అని తేలిపోయింది. మళ్లీ కొత్త గొట్టాన్ని బిగించగానే లోపం తిరిగి వచ్చింది. ఇక ఆ గొట్టంలో దోషం ఎక్కడ ఉన్నదో వెదకవలసి ఉంది.

ఆ కారులో ఫిల్టర్‌కూ థ్రాటిల్‌కూ మధ్య గాలిని తూచే సెన్సర్ ఉంది. వేడెక్కిన సన్నని తీగను దాటిపోయే గాలి దానిని ఎంత చల్లబరుస్తుందో గ్రహించి, అది కంప్యూటర్‌కు లెక్క చెబుతుంది. ఆ లెక్కను బట్టి కంప్యూటర్ పెట్రోలును కొలిచి పంపుతుంది. సెన్సర్‌ను దాటిన తరువాత ఎక్కడైనా సందు ఉంటే లెక్కకు రాని గాలి లోపలికి చొరబడుతుంది. గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువవుతుంది. కొత్త గొట్టం వెడల్పు పాతదానికి భిన్నమైనా, ఫిల్టర్‌కు అధికంగా పూసిన నూనె తీగపై పేరుకున్నా ఈ లెక్క తప్పుతుంది. అటువంటి తీగను చేతితో తుడవరాదు. దానికై తయారైన ద్రావకంతోనే శుభ్రపరచాలి.

కొన్ని కార్లలో గాలి తూకానికి బదులు, థ్రాటిల్ దాటిన తరువాత గాలి ఒత్తిడిని కొలిచే సెన్సర్ ఉంటుంది. అక్కడ థ్రాటిల్‌కు ముందున్న చిన్న సందు మిశ్రమాన్ని అంతగా చెడగొట్టదు. దుమ్మును మాత్రం లోనికి రానిస్తుంది.

మేస్త్రి దీపాన్ని ఆర్పివేయడానికి ముందు, స్కానర్‌తో కంప్యూటర్‌లోని సంకేతాన్ని చదివి రాసుకున్నాడు. అది పి0171, మిశ్రమంలో ఇంధనం తక్కువైనదని దాని అర్థం. తరువాత ఇంజను ఆపి, ప్రతి అతుకునూ, ప్రతి క్లాంపునూ చేతితో కదిపి చూశాడు. ఇంజను పైభాగం నుంచి కొత్త గొట్టానికి వచ్చే సన్నని రబ్బరు పైపు సగమే దూరి ఉంది. దానిని పూర్తిగా నెట్టి క్లిప్పు బిగించగానే ఇంజను కుదుటపడింది.

అయినా మధ్యాహ్నపు మందకొడితనం పోలేదు. దాని కారణం వేరు. కొత్త ఫిల్టర్ బానెట్ కింద తెరిచి ఉన్నందున ఇంజను వేడికి కాగిన గాలినే పీల్చుతోంది. 25 డిగ్రీల గాలికి బదులు 55 డిగ్రీల గాలి ప్రవేశిస్తే, అంతే పరిమాణంలో సుమారు 9 శాతం గాలి తగ్గిపోతుంది. ఒక ఫలితానికి ఒకే కారణం ఉండాలని లేదు. ఒక దోషం దొరకగానే వెదకడం మానడం కూడా తొందరపాటే.

బిగించేటప్పుడు బ్యాటరీ తీగను విప్పి ఉంటే కంప్యూటర్ తాను నేర్చుకున్న సర్దుబాట్లను మరచిపోవచ్చు. అప్పుడు కొంత దూరం నడిచేవరకు ఇంజనులో చిన్నపాటి తేడా కనిపించవచ్చు. అది దోషం కాదు. కొన్నాళ్లు గడిచినా తగ్గకపోతే మాత్రం పరీక్ష అవసరం.

ఈ విషయంలో ఉపేక్ష ప్రమాదకరం. సరిగా అతకని ఫిల్టర్ నుంచి జారిన దుమ్ము సిలిండరు గోడలను లోలోపల అరగదీస్తుంది. మరీ కిందికి అమర్చిన గొట్టం వానకాలంలో రోడ్డుపై నిలిచిన నీటిని పీల్చగలదు. గాలి నలుగుతుంది కాని నీరు నలగదు. సిలిండరులో నీరు చేరితే లోపలి ఉక్కు కడ్డీలు సైతం వంగిపోతాయి. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడంపై 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 52వ సెక్షన్ ఆంక్షలు విధించింది. కనుక మార్పునకు ముందే నిబంధనలనూ, వారంటీ షరతులనూ తెలుసుకోవడం వివేకం.

ఒకసారి ఒక్క మార్పే చేయాలి. పాత భాగాన్ని భద్రపరచాలి. ఏ లోపం ఎప్పుడు, ఏ స్థితిలో కనిపించిందో రాసి ఉంచాలి. కారణాన్ని తేల్చకముందే ఎవరిపైనా నింద మోపరాదు. ఆ యువకుడు చివరకు పాత గొట్టాన్నే ఉంచుకున్నాడు. షెడ్డుకు వెళ్లి, “తప్పు నాదే తమ్ముడూ” అని ఆ కుర్రవాడితో అందరి ఎదుటా చెప్పాడు. ఇంజనులోని దోషం ఒక క్లిప్పుతో సరిపోయింది. తొందరపాటు వల్ల కలిగిన దోషానికి ఆ ఒక్క మాట అవసరమైంది.