గింజ వచ్చింది, సున్నం రాలేదు

పరాయి దేశపు ఇంటివంట మన పొయ్యి మీదికి రావాలంటే సరుకుల కన్నా ముందు తెచ్చుకోవాల్సింది పద్ధతి

కొత్త దేశపు వంట చేయాలనుకోగానే మన చూపు సరుకుల మీదికే పోతుంది. సాస్ సీసాలు, చీజ్ ముక్కలు, రకరకాల నూడుల్స్ అన్నీ కొనుక్కొచ్చి వండినా రుచి కుదరకపోతే ఏదో దినుసు తగ్గిందనుకుంటాం. చాలాసార్లు తగ్గేది దినుసు కాదు, పనితనం. ఏ ఇంటివంటకైనా తనదైన రుచి వచ్చేది వండే తీరువల్ల, కంచంలో ఒకదానికొకటి తోడయ్యే పొందికవల్ల. ఈ మాటకు చరిత్రలో గట్టి సాక్ష్యం మొక్కజొన్న.

మెక్సికో ఇళ్లలో సంప్రదాయంగా రొట్టెల కోసం ఎండు మొక్కజొన్న గింజల్ని నేరుగా మరపట్టించరు. సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా అందులోనే నాననిస్తారు. తెల్లారేసరికి గింజ ఉబ్బుతుంది, వేళ్లతో నలిపితే పైపొట్టు జారిపోతుంది. కడిగి, సన్నికల్లు లాంటి రాతిమీద నూరితే చక్కగా ముద్దకట్టే ‘మాసా’ తయారవుతుంది. దాన్ని పలచగా ఒత్తి కాలిన పెనం మీద వేస్తే ‘తోర్తియా’ అనే రొట్టె పుల్కాలా పొంగుతుంది. వట్టి మొక్కజొన్న పిండితో అలా ఒత్తబోతే అంచులు పగులుతాయి. సున్నం చేసే మేలు ఇంకా ఉంది. గింజలో ఒంటికి అందకుండా ఉండిపోయే నియాసిన్ అనే విటమిన్‌ను అది విడిపిస్తుంది. యూరప్ వాళ్లు గింజను తీసుకెళ్లారు, పద్ధతిని వదిలేశారు. మొక్కజొన్నే తిండిగా బతికిన పేదల్లో చర్మం చెడి, మతి తప్పే పెల్లాగ్రా జబ్బు పుట్టింది. 1735లో స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కసాల్ దాన్ని వర్ణించాడు. ఉత్తర ఇటలీని, తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాలనూ అది పీడించింది. నియాసిన్‌తో నయమవుతుందని 1937లో గానీ తేలలేదు. సున్నపు మొక్కజొన్నను చిక్కుడు గింజలతో కలిపి తినే మెక్సికో పల్లెల్లో మాత్రం ఆ జబ్బు అరుదు.

‘అసలైన’ వంట అనేదే లేదు, అన్నీ కలగలిసినవే కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, మన మిరపకాయా టమాటా కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. కానీ ఆ మిరపను మనదిగా చేసింది మన రోలు, మన పోపు, మన ఊరగాయ జాడీ. అంటే అసలుతనం దినుసు పుట్టిన ఊరిలో లేదు, తరాలుగా కుదిరిన పనిలో ఉంది. సరుకే దొరక్కపోతే ఎలా అన్నది రెండో ప్రశ్న. దానికి జవాబు ఆ వంటల్లోనే దొరుకుతుంది. జపాన్ ఇళ్లలో సూప్‌కు ఆధారం ‘దాషి’. దానికి ఎండు చేప పొరల్ని వాడడం మామూలే అయినా, బౌద్ధ ఆలయాల్లో ఎండు పుట్టగొడుగులు, కొంబు అనే సముద్రపు నాచుతోనే కాస్తారు. శాకాహారులు ఆ దారి పట్టవచ్చు. అయితే నీళ్లు తెర్లేముందే నాచును తీసేయాలి, మీసో అనే పులియబెట్టిన సోయా ముద్దను పొయ్యి కట్టేశాకే కలపాలి. దినుసు మారినా ఈ మెళకువలు మారకూడదు. మన నాలుకకు కారం కావాలంటే వేసుకోవచ్చు. ఒక్కసారైనా వాళ్ల తీరులో వండి, రుచి తెలిశాక మార్చుకుంటే అది మన ఎంపిక. తెలియకుండా మారిస్తే అది పొరపాటే.

మళ్లీ మొక్కజొన్న దగ్గరికే వస్తే, అది చేరిన రోజుల్లో యూరప్‌లో సున్నానికేమీ కరువు లేదు. గింజల్ని ఓడలకెక్కించినవాళ్లు వాటిని రోజూ నూరే ఆడవాళ్ల పనిని లెక్కలోకి తీసుకోలేదు, అంతే. అందుకే కొత్త వంటకు సరుకుల చీటీ రాసుకునే ముందు, ఆ ఇంటి ఇల్లాలు రాత్రి ఏం నానబోస్తుందో, ఎందుకు నానబోస్తుందో తెలుసుకుందాం.