హృదయం కరగడం వేరు, నిజం తేలడం వేరు



హిజ్రీ 10వ సంవత్సరంలో దైవప్రవక్త (స) పసికుమారుడు ఇబ్రాహీం మదీనాలో కన్నుమూశాడు. ఆయన (స) కంటతడి పెట్టారు, ఆ కన్నీటిని కారుణ్యమనే అన్నారు. ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త దుఃఖంలో సూర్యుడూ పాలుపంచుకొన్నాడని జనం చెప్పుకోసాగారు. ఆయన మౌనం వహించినా చాలు, ఎందరి హృదయాలో మరింత దగ్గరయ్యేవి. కాని ఆయన నమాజు చేయించి, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి చావుపుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదని తేల్చి చెప్పారు.

మింబరు ఎక్కే మా వంటివారికి ఇందులో గట్టి హెచ్చరిక ఉంది. శ్రోతల చేత కన్నీరు పెట్టించడం గొప్ప విద్యేమీ కాదు, గొంతు కాస్త వణికితే చాలు! భావోద్వేగం నిషిద్ధమని కాదు. దివ్య ఖుర్ఆన్ సైతం అనాథ దైన్యాన్ని, ప్రళయ దినాన్ని కళ్లకు కట్టి మన గుండెనే తడుతుంది. అయితే కరిగిన గుండె సాక్ష్యానికి బదులు నిలబడజాలదు.

త్రాసును వంచేవి రెండు. సూరె మాయిదా 8వ ఆయతు ద్వేషం గురించి హెచ్చరిస్తుంది: ఒక జాతి పట్ల వైరం మనల్ని అన్యాయానికి పురికొల్పరాదు. సూరె నిసా 135వ ఆయతు ప్రేమ గురించి హెచ్చరిస్తుంది: తల్లిదండ్రులకు, బంధువులకు, చివరకు మనకే వ్యతిరేకమైనా సాక్ష్యం సరిగా పలకాలి. రెండవదే కష్టం. పరాయివాని మీద నింద వస్తే ఒక్క సాక్షినీ అడగము, మనవాని మీద వస్తే పదిమంది చెప్పినా చాలదంటాము.

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు వచ్చాయి. తెలంగాణలో అమాయకులు మూకల చేతుల్లో ప్రాణాలు కోల్పోయారు. కొట్టినవారిని కదిలించింది కన్నబిడ్డల మీది ప్రేమే కదా! ఆ ఏడాది జోగులాంబ గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి పల్లెలకు పోలీసులను పంపి, జానపద కళాకారుల చేత పాటలు కట్టించి, వదంతులను నమ్మవద్దని చెప్పించారు. పాట కూడా హృదయాన్నే తాకుతుంది. కాని దాని వెనుక విచారించి తెలుసుకొన్న నిజం ఉంది. సూరె హుజురాత్ 6వ ఆయతు కోరేది ఆ విచారణనే.

జగిత్యాలలోనో నిర్మల్‌లోనో ఉన్న మన ఇళ్లకు గల్ఫ్ నుంచి బంధువులు రగిలించే ఆడియో ఒకటి పంపుతారు. దానిని మరొకరికి పంపే ముందు, నిందితుని పేరుకు బదులు మీ తమ్ముని పేరు పెట్టుకొని మళ్లీ వినండి. అప్పుడు మీ నోట మొదట ఏ ప్రశ్న వస్తుందో, ఎవరు చూశారనో, ఎప్పుడు జరిగిందనో, దానినే పంపినవారికి ఫోను చేసి అడగండి.