వేగంగా వెళ్లే కార్లకు చవక టైర్లు సరిపోతాయా?

ఇంజను ఎంత శక్తిమంతమైనదైనా ఆ శక్తి రోడ్డుకు చేరేది టైర్ల ద్వారానే. ఒక్కో టైరు నేలను తాకే భాగం సుమారు అరచేయంత. వేగం అందుకోవాలన్నా, మలుపు తిరగాలన్నా, ఆగాలన్నా ఆ కాస్త రబ్బరు పట్టే దిక్కు.

షాపులో చవక టైరూ, ఖరీదైన టైరూ ఒకేలా నిగనిగలాడతాయి. అసలు తేడా ఎక్కువగా లోపలి మిశ్రమంలో ఉంటుంది. టైరులో రబ్బరుతోపాటు కార్బన్ బ్లాక్, సిలికా, నూనెలు, గంధకం కలుస్తాయి. తడి రోడ్డుపై పట్టు పెంచేది ముఖ్యంగా సిలికా. దాన్ని రబ్బరులో సమంగా కలపడం కష్టం, ఖర్చూ ఎక్కువే. అందుకే చవక టైర్లలో పొడి రోడ్డుపై మామూలు వేగంలో తెలియని లోపం, వానలో సడన్ బ్రేకు వేసినప్పుడు బయటపడుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకులు అణచాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది మరి!

టైరు పక్కభాగంలో '225/45 ఆర్17 91డబ్ల్యూ' వంటి గుర్తులుంటాయి. 91 అంటే ఆ టైరు 615 కిలోల బరువు మోయగలదని. డబ్ల్యూ అంటే గంటకు 270 కిలోమీటర్ల వేగాన్ని తట్టుకుంటుందని. హెచ్ అయితే 210 వరకే. చవక టైరుకూ డబ్ల్యూ గుర్తు ఉండొచ్చు, కానీ తడిలో పట్టు ఎంతో ఆ అక్షరం చెప్పదు. ఐరోపాలో దానికి ఎ నుంచి ఇ దాకా వేరే లేబుల్ ఉంది.

ఊళ్లో నెమ్మదిగా తిరిగే చిన్న కారుకు నాణ్యమైన చవక టైరు చాలు. శక్తిమంతమైన కారుకు మాత్రం తడిలో పట్టు తక్కువున్న టైరు వేయించడం పొదుపు కాదు, ప్రమాదం.